వాళ్లు డ్యూటీలో ఉన్నారు

2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి. బిగ్ బాస్ తెలుగు తొమ్మిదో సీజన్ మొదలైంది. కొందరిని కెమెరాలున్న ఇంట్లో వారాల తరబడి ఉంచి, ప్రేక్షకుల ఓట్లతో ఒక్కొక్కరినీ బయటికి పంపి, చివరికి ఒకరిని గెలిపించే టీవీ ఆట అది. ఖమ్మంలో మా ఇంట్లో ఆ రోజు అన్నాలు తొందరగా అయిపోయాయి. అమ్మ జాకెట్టుకు హుక్కులు కుడుతూ టీవీ చూస్తోంది. నేను ఒక కన్ను టీవీ మీద, ఇంకో కన్ను ఫోన్‌లో మా గ్రూపు మీద పెట్టి కూర్చున్నాను.

ఆ సీజన్‌లో ఇంటిని రెండు చేశారు. ‘అగ్నిపరీక్ష’ పేరుతో ముందే జరిగిన వడపోతలో నెగ్గి వచ్చిన సామాన్యులు ఓనర్లు, సెలబ్రిటీలు టెనెంట్లు. పెద్ద ఇల్లు ఓనర్లది, పక్కన ఔట్‌హౌస్ టెనెంట్లది. ఇంటి పనులు పంచి చేయించుకునే హక్కు కూడా ఓనర్లకే. గ్రూపులో మెసేజ్‌ల మీద మెసేజ్‌లు. ‘ఇన్నాళ్లకు సెలబ్రిటీల తిక్క కుదిరింది’ అని ఒకరు. ‘ఏసీ కార్లలో తిరిగేవాళ్లు ఇప్పుడు అంట్లు తోమాలి’ అని ఇంకొకరు. నాకూ నవ్వొచ్చింది. ఆ మెసేజ్ పైకి చదివి అమ్మకు వినిపించాను.

అమ్మ సూది ఆపలేదు. ‘‘వాళ్లేం జమీందార్లా? వాళ్లూ పని చేయడానికి వచ్చినోళ్లే. డ్యూటీలో ఉన్నారు పాపం’’ అంది.

ముప్పై ఏళ్లకు పైగా ఇంట్లో మిషన్ పెట్టుకుని వీధి మొత్తానికీ బట్టలు కుట్టిన మనిషి మా అమ్మ. పనిలో ఉన్నవాళ్లను చూస్తే ఇట్టే పోల్చుకుంటుంది. ఆ మాట నన్ను వదల్లేదు. డిసెంబరు 21న ఫైనల్ అయ్యేదాకా ప్రతి రాత్రీ ఆ మాటతోనే చూశాను. పాత సీజన్లన్నీ కూడా దాని పక్కన పెట్టి గుర్తు చేసుకున్నాను. అమ్మ చెప్పిందే నిజమని ఇప్పుడు గట్టిగా నమ్ముతున్నాను. ఆ ఇంట్లో ఉన్న సెలబ్రిటీ పనిలో ఉన్న మనిషి. ఆ సంగతి మర్చిపోవడం వల్ల చూసేవాళ్లం చాలా తప్పులు చేస్తున్నాం. కొన్ని నేనూ చేశాను, వాటి గురించీ చెప్తాను.

అసలు ఆ ఇంట్లో సెలబ్రిటీ అంటే ఎవరు? 2017 జూలై 16న ఎన్టీఆర్ హోస్టుగా మొదటి సీజన్ మొదలైనప్పుడు లోనావాలాలో వేసిన ఇంట్లోకి 14 మంది వెళ్లారు. శివ బాలాజీ, ప్రిన్స్, అర్చన, సమీర్, హరితేజ, ధన్‌రాజ్, పాటలు పాడే కల్పన, మధుప్రియ, సినిమా విమర్శలు రాసే కత్తి మహేష్. వీళ్లలో సినిమా రిలీజైతే థియేటర్ ముందు కటౌట్ కట్టి పాలాభిషేకం చేయించుకునే స్టార్ ఒక్కరూ లేరు. అలాంటి స్టార్ ఉన్నది హోస్టు స్థానంలోనే. అప్పుడు ఎన్టీఆర్, 2018లో నాని, 2019 నుంచి నాగార్జున. అసలు సెలబ్రిటీ వారానికి రెండు రోజులు వచ్చి నిలబడి మాట్లాడి వెళ్తారు. మిగతా అన్ని రోజులూ లోపల ఉండేవాళ్లు వేరే రకం మనుషులు. సీరియల్లో కోడలు పాత్ర వేసే అమ్మాయి, కామెడీ షోలో స్కిట్లు చేసే కుర్రాడు, న్యూస్ చానల్ యాంకర్, డాన్స్ మాస్టర్, యూట్యూబర్. ఒకప్పుడు వరుసగా సినిమాల్లో నవ్వించి, ఆ తర్వాత చాలాకాలం తెర మీద పెద్దగా కనపడని సుమన్ శెట్టి లాంటి నటుడు. జానపద పాటల వీడియోలతో పేరు తెచ్చుకున్న రాము రాథోడ్ లాంటి కళాకారుడు.

వీళ్లను ఏమని పిలవాలి? నా దృష్టిలో వీళ్లు మొహం తెలిసిన కూలీలు. కూలీ అనే మాటను నేను గౌరవంగానే వాడుతున్నాను, మా ఇల్లు గడిచింది కూలి డబ్బుల మీదే. సీరియల్ వాళ్లకు రోజు లెక్కన డబ్బులు. షూటింగ్ ఉన్న రోజే చేతికి వచ్చేది. మధ్యలో ఒంట్లో బాగాలేకపోయినా, పెళ్లయినా, పాప పుట్టినా కథ ఆగదు. ఒక రోజు సాయంత్రం సీరియల్ పెట్టగానే స్క్రీన్ మీద ‘ఇకపై ఈ పాత్రలో’ అని వేసి కొత్త మొహం చూపిస్తారు. మా అమ్మ వారం రోజులు ‘‘పాత పిల్లే బాగుండె’’ అంటుంది, ఎనిమిదో రోజుకు అలవాటు పడుతుంది. అంత తేలిగ్గా చెరిగిపోయే సెలబ్రిటీతనం అది.

2020 సంగతి గుర్తు చేసుకోండి. మార్చిలో లాక్‌డౌన్ వచ్చి షూటింగులన్నీ ఆగిపోయాయి. నాలుగో సీజన్ ఆ ఏడాది సెప్టెంబరు 6న మొదలైంది, లోపలికి వెళ్లేవాళ్లను ముందు క్వారంటైన్‌లో ఉంచి పంపారు. మధ్యలో వైల్డ్ కార్డుగా వచ్చిన ముక్కు అవినాష్ అప్పటిదాకా చేస్తున్న కామెడీ షో ఒప్పందం తెంచుకోవడానికి 10 లక్షలు కట్టి వచ్చానని చెప్పుకున్నాడు. ఒక పని వదిలి ఇంకో పనికి వెళ్లడానికి ఎదురు డబ్బు కట్టిన మనిషిని ‘ఏసీ కార్లలో తిరిగేవాడు’ అని అనగలమా?

అదే సీజన్‌లో గంగవ్వ వచ్చింది. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి. పొలం పనులు చేసుకుని బతికిన మనిషి, ఊరి కుర్రాళ్లు తీసిన యూట్యూబ్ వీడియోలతో అరవైకి దగ్గరపడుతున్న వయసులో పేరు తెచ్చుకుంది. ఆమె సామాన్యురాలా, సెలబ్రిటీయా? ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు, అందరికీ ఆమె గంగవ్వే. ఎందుకొచ్చావంటే ఆమె దగ్గర ఒకటే జవాబు, ఊళ్లో ఇల్లు కట్టుకోవాలి. లోపల ఏసీ చలి పడలేదు, నిద్ర పట్టలేదు, ఊరి మీద బెంగ పట్టుకుంది. ఐదో వారంలో ఆరోగ్యం బాగాలేక బయటికి వచ్చేసింది. ఇల్లు కట్టిస్తామని నాగార్జున మాటిచ్చారు. లంబాడిపల్లిలో ఆ ఇల్లు లేచింది కూడా. 2024లో ఎనిమిదో సీజన్‌కు మళ్లీ వైల్డ్ కార్డుగా వెళ్లింది, మళ్లీ ఆరోగ్యం సహకరించక మధ్యలోనే వచ్చేసింది.

గంగవ్వ ఇల్లు కోసం వచ్చానంటే తెలుగునాడంతా కళ్లు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. మరి అదే ఇంట్లో ఒక సీరియల్ నటి ‘మా అమ్మకు ఇల్లు కొనాలి, లోను ఉంది’ అంటే మనం ఏమంటున్నాం? ‘సింపతీ గేమ్’ అంటున్నాం. ఒకే కోరిక, ఒకే పని. ఒకరి నోట అది నిజాయితీ, ఇంకొకరి నోట అది నాటకం. తేడా అంతా లిప్‌స్టిక్‌లో ఉంది. నిగనిగలాడే మొహంతో, ఇస్త్రీ బట్టలతో కనిపించే మనిషికి అప్పులుంటాయని మనకు నమ్మబుద్ధి కాదు. ఆ బట్టలు వాళ్ల పనిముట్లు. కమ్మరికి కొలిమి ఎలాగో వాళ్లకు ఆ మొహం అలాగ.

ఇక లోపల చేసే పని. ఫోన్ లేదు. గడియారం లేదు. చదువుకోవడానికి పుస్తకం లేదు. పొద్దున పాట వేస్తే లేచి డాన్స్ చేయాలి. పగలు కునుకు తీస్తే కుక్క అరుపులు వినిపిస్తాయి. మైకు మర్చిపోతే ‘మైక్ ధరించండి’ అని గొంతు. ఇంకో నియమం కూడా ఉంది, అది తెలుగువాళ్లుగా మనం గమనించాల్సింది. ఇంట్లో తెలుగే మాట్లాడాలి. కర్ణాటక నుంచి వచ్చి మన సీరియళ్లలో స్థిరపడినవాళ్లు ఎందరో ఉన్నారు. ఎనిమిదో సీజన్ గెలిచిన నిఖిల్ ది మైసూరు. 2020లో వచ్చిన మోనాల్ గజ్జర్ ది గుజరాత్. కోపం వచ్చినప్పుడు, ఏడుపు వచ్చినప్పుడు మనిషి నోటికి ముందు వచ్చేది అమ్మ భాష. ఆ సమయంలో కూడా నాలుక మడిచి, వెతికి వెతికి తెలుగు మాట పట్టుకుని పోట్లాడాలి. నాకు హిందీలో దెబ్బలాడమంటే రెండో వాక్యానికే ఓడిపోతాను. మనం మాత్రం ఆ నత్తి తెలుగును మీమ్ చేసి పంచుకుంటాం.

పది రోజులు గడిస్తేనే గోడలు మీదకొస్తున్నట్టు ఉంటుందేమో. సంపూర్ణేష్ బాబు మొదటి సీజన్‌లో రెండు వారాలు కూడా నిండకముందే ఉండలేనని వెళ్లిపోయాడు. 2014లో మొదటి సినిమాతోనే రాష్ట్రమంతా తెలిసిన మొహం అతనిది. అప్పట్లో ‘బర్నింగ్ స్టార్’ భయపడ్డాడని ఎగతాళి చేశారు. నాకు ఇప్పుడు అది భయంలా కనిపించడం లేదు. ఈ పని నా వల్ల కాదని గుర్తించి, నలుగురూ నవ్వుతారని తెలిసి కూడా తలుపు తెరిపించుకుని బయటికి నడిచాడు. ఉద్యోగం మానేసే ధైర్యం అందరికీ ఉండదు.

నాకు చాలాకాలం లేదు. అది చెప్పాలి, ఎందుకంటే ఎడిటింగ్ గురించి నేను చెప్పబోయేది అక్కడి నుంచి నేర్చుకున్నదే.

హైదరాబాద్‌లో కొన్నేళ్లు నైట్ షిఫ్టులో కస్టమర్ సపోర్టులో పని చేశాను. ప్రతి కాల్ రికార్డవుతుంది. ఒక రాత్రి ఒకాయన ముప్పై ఐదు నిమిషాలు నన్ను తిట్టాడు. నా యాసను వెక్కిరించాడు, నా తల్లిని అన్నాడు. నేను ‘సార్’ అనే అంటూ వచ్చాను. చివరికి ఒక్కసారి గొంతు పెంచి, ‘‘సార్, మీరు నన్ను మాట్లాడనిస్తారా లేదా?’’ అన్నాను. శుక్రవారం మీటింగులో మా టీమ్ మొత్తాన్ని కూర్చోబెట్టి ఆ కాల్ వేశారు. వేసింది నలభై సెకన్లు. నా గొంతు పెరిగిన దగ్గర మొదలుపెట్టి, ఆయన ఫోన్ పెట్టేసిన దగ్గర ఆపారు. గది నిశ్శబ్దం. స్పీకర్లో నా గొంతు నాకే పరాయిగా వినపడింది, నిజంగానే ఎవరో పొగరుబోతు మాట్లాడినట్టు ఉంది. ‘ముందు ఏం జరిగిందో వినండి’ అని నేను అనలేదు. అన్నా ఆ ముప్పై ఐదు నిమిషాలు వినే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

శనివారం ఎపిసోడ్‌లో నాగార్జున ‘వీడియో చూద్దామా’ అన్నప్పుడల్లా నాకు ఆ శుక్రవారం గుర్తొస్తుంది. సోఫాలో కూర్చున్న మనిషి మొహం చూడండి. తను అన్న మాటే తనకు వినిపిస్తుంటే రెప్ప వేయడం కూడా మర్చిపోతారు. ఆ మాట నిజంగా తప్పే కావచ్చు. చాలాసార్లు తప్పే. నిలదీయడం హోస్టు పని, అది ఆయన చేయాలి కూడా. నేను మాట్లాడుతున్నది ఇంట్లో కూర్చుని తీర్పులిచ్చే మన గురించి. ఇరవై నాలుగు గంటల నుంచి టీవీలో మనకు అందేది గంట, అందులో ప్రకటనలు పోతాయి. ఎవరి ముప్పై ఐదు నిమిషాలు కోతలో పోయాయో, ఎవరి నలభై సెకన్లు మిగిలాయో మనకు కనపడదు. ప్రోమోలో కళ్లెర్రజేసిన ఒక షాట్, దానికి ఉరుముల చప్పుడు. అంతే, ఆ మనిషి ‘విలన్’.

ఎడిటింగ్ లేకుండా టీవీ లేదు, అది నాకు తెలుసు. నేను అడిగేది ఒక్కటే, గంటసేపు చూసిన దాని మీద మనిషి గుణం మొత్తం తేల్చేయకండి. ‘ఈ రోజు టాస్కులో తొండి ఆడింది’ అనొచ్చు. ‘అది పుట్టుకతోనే అంత’ అనకూడదు. మొదటిది పని మీద మాట. రెండోది మనిషి మీద దాడి.

డబ్బు దగ్గర మన లెక్కలు ఇంకా విచిత్రం. 2020 డిసెంబరు 20న ఫైనల్ రోజు సొహేల్, పోటీ వదులుకుంటే ఇస్తామన్న 25 లక్షలు తీసుకుని మూడో స్థానంతో బయటికి వచ్చాడు. కరీంనగర్ కుర్రాడు, ఏళ్ల తరబడి సినిమాల్లో అవకాశాల కోసం తిరిగినవాడు. ఆ 25 లక్షలు విజేత బహుమతిలోంచే పోయాయి, గెలిచిన అభిజిత్‌కు మిగిలింది సగమే. 2022 డిసెంబరు 18న శ్రీహాన్ ఏకంగా 40 లక్షలు తీసుకున్నాడు, విజేతగా రేవంత్ నిలిచాడు. ఓట్లు శ్రీహాన్‌కే ఎక్కువ వచ్చాయని ఆ తర్వాత నాగార్జున వేదిక మీదే చెప్పారు. ఆ రాత్రి మా గ్రూపులో శ్రీహాన్‌ను తిట్టని వాళ్లు లేరు. ‘మేము ఓట్లు వేసింది కప్పు కోసం, అమ్ముకోవడానికి కాదు’ అని.

ఎవరు ఎవరికి ఏం అమ్మారు? ఆ క్షణంలో అతనికి ఓట్లు తెలియవు. చేతిలో ఉన్నది 40 లక్షలు, చేతిలో లేనిది కప్పు. మన ఇంట్లో తమ్ముడు అక్కడ ఉంటే ఏం చెప్తాం? ‘తీసుకోరా, తీసుకో’ అని సోఫా మీద నుంచి లేచి అరుస్తాం. ఏ సీజన్ ఫైనల్‌కైనా వచ్చిన తల్లిదండ్రుల మొహాల్లో ఆ మాటే కనిపిస్తుంది. అభిమాని త్యాగం అడుగుతాడు, ఇంటివాళ్లు అప్పు లెక్క చూస్తారు. నేను ఇంటివాళ్ల పక్షాన ఉంటాను. వారం వారం లెక్కన డబ్బులు తీసుకుంటూ, ఎలిమినేట్ అయిన ఆదివారంతో ఆ జీతం ఆగిపోయే పనిలో ఉన్నవాళ్లు అందిన డబ్బు అందుకోవడంలో నాకు ఏ తప్పూ కనపడదు.

గెలుపు ఎంతకాలం పనికొస్తుందనేది కూడా చెప్పలేం. 2019లో గెలిచిన రాహుల్ సిప్లిగంజ్ 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద నిలబడి పాడాడు. మనందరికీ గర్వం. అయితే అది అతని గొంతు సంపాదించిన చోటు, ఓట్లు ఇచ్చింది కాదు. కప్పు ఎత్తినంత మాత్రాన సినిమాల్లో పెద్ద వేషాలు వరుసలో వచ్చి నిలబడతాయనే గ్యారంటీ లేదు. షోరూమ్ ఓపెనింగులు, టీవీ షోలలో గెస్టు పిలుపులు వస్తాయి, తర్వాతి సెప్టెంబరుకు కొత్త బ్యాచ్ వస్తుంది. ఆలోపు దొరికినంత పని చేసుకోవాలి. వీళ్లు బయటికి రాగానే ఇంటర్వ్యూల మీద ఇంటర్వ్యూలు ఇస్తుంటే ‘ఎంత ఆశో’ అనుకునేదాన్ని. కుట్టు పని ఎక్కువగా ఉండే రోజుల్లో రాత్రీ పగలూ మిషన్ తొక్కిన మా అమ్మను నేను ఎప్పుడూ ఆశపోతు అనుకోలేదు. దసరాకు, పెళ్లిళ్లకు పని వస్తుంది, శూన్యమాసంలో రాదు. వచ్చినప్పుడే కుట్టుకోవాలి.

దీనికి నాకు ఎదురయ్యే మొదటి మాట, ‘తెలిసే వెళ్లారు కదా, అగ్రిమెంట్ మీద సంతకం పెట్టారు కదా.’ పెట్టారు. నేనూ పెట్టాను, కాల్స్ రికార్డు చేస్తారని తెలిసే. రికార్డు చేయడానికి ఒప్పుకున్నాను, నా తల్లిని తిట్టడానికి కాదు. వాళ్లు ఒప్పుకున్నది కెమెరాలకు, టాస్కులకు, ఎవరు ఇంట్లోంచి వెళ్లిపోవాలో ఒకరి పేరు ఒకరు చెప్పే నామినేషన్లకు. ఆ నామినేషన్లలో ముఖానికి నురుగు కొట్టించుకోవడానికి కూడా ఒప్పుకున్నారు సరే. అర్ధరాత్రి వాళ్ల చెల్లెలి ఇన్‌స్టాగ్రామ్‌కు బూతులు పంపే హక్కు మనకు ఆ అగ్రిమెంట్‌లో ఎక్కడా రాసివ్వలేదు.

రెండో మాట, ‘అదంతా స్క్రిప్టు, ఏడుపులన్నీ యాక్టింగ్.’ ఇది అనేవాళ్లే మళ్లీ ఆ ‘యాక్టింగ్’ చేసినందుకు మనిషిని ద్వేషిస్తారు. స్క్రిప్టే అయితే కోపం ఎందుకు? నిజమే అయితే ఆ కన్నీళ్ల మీద నవ్వెందుకు?

మూడోది కాస్త బరువైన మాట. సెలబ్రిటీకి బయట అవకాశాలు ఉంటాయి, సామాన్యుడికి ఉండవు, కాబట్టి ఓటు సామాన్యుడికే పడాలి అంటారు. ఇందులో న్యాయం ఉంది. ఈ ఆట పుట్టినప్పుడు, 1999లో నెదర్లాండ్స్‌లో, ఆ ఇంట్లోకి వెళ్లింది మామూలు మనుషులే. మన దేశానికి 2006లో హిందీలో వచ్చినప్పుడే సెలబ్రిటీల ఇల్లుగా మారింది. తెలుగులో 2018లో ముగ్గురు సామాన్యులను తీసుకున్నారు. ఆ తర్వాత 2023లో గజ్వేల్ వైపు నుంచి వచ్చిన పల్లవి ప్రశాంత్ ‘రైతుబిడ్డ’గా గెలిచాడు, 2025లో జవానుగా పని చేసి అగ్నిపరీక్ష దాటి వచ్చిన కల్యాణ్ పడాల గెలిచాడు. ఇద్దరూ గెలిచినందుకు నాకు సంతోషమే. సెలబ్రిటీల కోటరీలో ఒంటరిగా నిలబడటం ఎంత కష్టమో ప్రశాంత్ మొదటి వారాల నామినేషన్లలో అందరం చూశాం. కానీ సామాన్యుడికి ఓటు వేయడానికి అవతలి మనిషిని దొరగా మార్చాల్సిన అవసరం లేదు. పదిహేను వారాలు టీవీలో కనిపించాక ఆ సామాన్యుడూ సెలబ్రిటీయే. అప్పుడు అతని అమ్మానాన్నల మీదా ఇవే కామెంట్లు మొదలవుతాయి.

2023 డిసెంబరు 17 రాత్రి అన్నపూర్ణ స్టూడియోస్ బయట జరిగింది నేను ఫోన్‌లో చూశాను. గెలుపు సంబరం అనుకున్న చోట అద్దాలు పగిలిన చప్పుడు. రన్నరప్ అమర్‌దీప్ కారును జనం చుట్టుముట్టారు. కారు లోపల అతని తల్లి, భార్య ఉన్నారు. దారిన పోయే ఆర్టీసీ బస్సుల అద్దాలూ పగిలాయి. తర్వాత కేసులు, ప్రశాంత్ అరెస్టు, బెయిలు. ఆ బస్సులో చంటిపిల్లను ఎత్తుకున్న ఎవరో ఒక ఆడమనిషి ఉండి ఉంటుంది, ఆమెకు ఈ షోతో ఏం పని? గెలిచినవాడి అభిమానులు ఓడినవాడి కారు పగలగొట్టారంటే, వాళ్లకు గెలుపు కూడా చాలలేదన్నమాట.

ఇది ఆ ఒక్క రాత్రి పుట్టింది కాదు. 2018లో గెలిచిన కౌశల్ అభిమానులు కౌశల్ ఆర్మీ అని పేరు పెట్టుకుని హైదరాబాద్ రోడ్ల మీద వాక్ చేశారు, మిగతా కంటెస్టెంట్ల మీద విరుచుకుపడ్డారు, హోస్టు నానిని కూడా వదల్లేదు. ఆ ఏడాది రన్నరప్ గీతా మాధురి. 2019లో రన్నరప్ శ్రీముఖి. 2025లో తనూజ. టీవీలో వచ్చిన తొమ్మిది సీజన్లలో తొమ్మిది మందీ మగవాళ్లే గెలిచారు. ఆడమనిషి గెలిచింది ఒక్కసారే, 2022లో ఓటీటీలో వచ్చిన నాన్ స్టాప్ సీజన్‌లో బిందు మాధవి. ఆడవాళ్లు ఆడలేక ఓడిపోయారంటే నేను ఒప్పుకోను. మగవాడు అరిస్తే ‘ఫైర్’, ఆడది అరిస్తే ‘గయ్యాళి’. మగవాడు ఏడిస్తే ‘మనసున్నోడు’, ఆడది ఏడిస్తే ‘డ్రామా’. ఇంట్లో, ఆఫీసులో మనం రోజూ వాడే తూకపు రాళ్లే ఇవి, వాటినే ఓటింగ్‌కూ తీసుకెళ్తున్నాం.

ఇప్పుడు నా తప్పు. 2022లో నాకు ఇష్టమైన కంటెస్టెంట్‌ను నామినేట్ చేసిందని ఒక అమ్మాయి మీద నాకు విపరీతమైన కోపం వచ్చింది. ఆమె పేజీలో, వాళ్ల ఇంటివాళ్లు నడిపే పేజీ అది, ఒక మాట రాశాను. బూతు కాదు. బూతు కంటే హీనం. ఆమె పెంపకం గురించి, ఆమెను కన్నవాళ్ల గురించి రాశాను. నైట్ షిఫ్టులో ఒకాయన నా తల్లిని అన్నప్పుడు బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చిన మనిషిని నేను. అదే మాట నా వేళ్లతో రాసి, ఫోన్ పక్కన పెట్టి, హాయిగా నిద్రపోయాను.

ఫ్యామిలీ వీక్ వచ్చింది. చూసేవాళ్లకు తెలుసు, ‘ఫ్రీజ్’ అనగానే ఎవరు ఎక్కడ ఉంటే అక్కడ బొమ్మలా ఆగిపోవాలి. అప్పుడు తలుపు తెరుచుకుని కన్నతల్లి లోపలికి వస్తుంది. బిడ్డ కదలకూడదు. 2020లో కోవిడ్ వల్ల ఇంటివాళ్లు అద్దం అవతలే నిలబడ్డారు, అద్దం మీద చేతికి చెయ్యి ఆనించుకున్నారు. 2022లో అద్దం లేదు. ఆ అమ్మాయి వాళ్లమ్మ నడిచి వచ్చింది, చేతిలో చిన్న సంచి. కదలకుండా నిలబడిన కూతురి చెంప మీద నీళ్లు కారుతుంటే, తల్లి ముందు కొంగుతో తుడిచింది, తర్వాత జుట్టు సర్దింది. ‘బయట అంతా బాగుంది, నీ గురించి అందరూ మంచిగానే అంటున్నారు’ అని చెప్పింది.

బయట అంతా బాగాలేదని నాకు తెలుసు. నేను రాసింది ఆమె చదివే ఉంటుంది. చదివి కూడా, లోపల ఉన్న బిడ్డ పని చెడకూడదని ఆ అబద్ధం చెప్పింది.

చూసేవాళ్లు ఇంకోలా కూడా ఉండగలరు. 2007 జనవరిలో బ్రిటన్‌లో సెలబ్రిటీ బిగ్ బ్రదర్ ఇంట్లో శిల్పా శెట్టిని తోటివాళ్లు జాతి పేరుతో అవమానించినప్పుడు, అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థకు ప్రేక్షకుల నుంచి నలభై వేలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. చివరికి ఆమే గెలిచింది. అభిమాన సంఘం లేని, తమ దేశం కాని ఒక మనిషి కోసం అన్ని వేలమంది అలా కదిలారు. మన దగ్గర అంత జనం ఉంది, అంత పట్టుదల ఉంది. ఓట్ల కోసం ఐదు మెయిల్ ఐడీలు సృష్టించే ఓపిక ఉంది. చానల్‌కు ఒక మాట రాయలేమా? కంటెస్టెంట్లు లోపల ఉన్నంతకాలం వాళ్ల ఇంటివాళ్ల మీద జరిగే దాడి గురించి వీకెండ్‌లో హోస్టు చేత ఒక హెచ్చరిక చెప్పించండి అని. ప్రతి వారం చెప్పించండి. ఓటు ఎలా వేయాలో అంత వివరంగా చెప్పగలిగినవాళ్లు అది కూడా చెప్పగలరు.

గ్రూపులోంచి నేను తొమ్మిదో సీజన్ రెండో వారంలో బయటికి వచ్చేశాను. షో మాత్రం మానలేదు, మానను కూడా. నాకు ఆ ఆట ఇష్టం. కెప్టెన్సీ టాస్కులు ఇష్టం, అర్ధరాత్రి వంటగదిలో ఇద్దరు గుసగుసగా చెప్పుకునే కబుర్లు ఇష్టం. అమ్మా నేనూ ఒకే మంచం మీద కూర్చుని చూసే గంట అది.

ఫైనల్ అయిన మర్నాడు, డిసెంబరు 22న, 2022లో నేను రాసిన ఆ కామెంట్ కోసం వెతికాను. ఆ అమ్మాయి పేజీలో అప్పటి పోస్టుల దాకా కిందికి వెళ్లడానికే చాలాసేపు పట్టింది. ఒక్కో పోస్టు కింద వేల కామెంట్లు. చదువుతూ పోతుంటే వేళ్లు చల్లబడ్డాయి, అన్నీ నాలాంటి వాళ్లు రాసినవే, చాలావాటికి పక్కన దేవుడి ఫోటోలు, పిల్లల ఫోటోలు. ‘‘ఏం వెతుకుతున్నావే అంతసేపటి నుంచి?’’ అంది అమ్మ మిషన్ మీద నుంచి. ‘‘ఒకటి పారేసుకున్నానమ్మా’’ అన్నాను. చీకటి పడే వేళకు దొరికింది. నా పేరు, నా ఫోటో, ఆ రెండు వాక్యాలు. కింద నలభై ఒక్క మంది లైక్ కొట్టి ఉన్నారు. తీసేశాను.